తవిటయ్య రేకు డబ్బా

ఏడు రోడ్ల కూడలిలో ఎండ పూర్తిగా దిగకముందే
నిచ్చెన నేను మోస్తాను.
డబ్బా మాత్రం తవిటయ్య మావే.
ఎప్పటిదో బిస్కట్ల డబ్బా,
మూత మీది గులాబీలు సగం తుప్పులోకి వాడిపోయాయి.

మూత తీస్తే ముందు వాసన:
పాత రబ్బరు, సబ్బు, కిరసనాయిలు.
తరవాతే ఒక్కొక్కటీ కంటికి ఆనతాయి.
ఎండకి ఒకదాన్నొకటి కరుచుకోకుండా
పౌడరు చల్లి చుట్టిన వైపరు రబ్బర్లు,
మర పోయిన నట్లు మూడు, ఉన్నది ఒకటి,
సైకిలు వాల్వు ట్యూబు జానెడు,
కర్ర బిగించే పట్టీకి స్ప్రింగు,
ఆ స్ప్రింగు పోతే ఇంకో స్ప్రింగు.

పొందూరులో వాళ్లక్క
పత్తి ఏకే వాలుగ చేప దవడ
ఒకటి వాడుతూ ఒకటి చూరులో దాస్తుందట.
"మా రగతంలోనే ఉందిరా ఇది" అంటాడు.
అద్దం ఆరదుడవడానికి అక్కడి పాత పంచె ముక్కలే కావాలి.
వేరే గుడ్డ నూగు రాలుస్తుందని
దాన్ని మనిషిని తిట్టినట్టు తిడతాడు.

కొత్త సెట్టు కొనమని ఎన్నిసార్లో చెప్పాను.
రెండ్రోజుల్లో ఇంటికే వస్తుందని ఫోను చూపించాను.
"రెండ్రోజులూ ఆ అద్దం ఏడుస్తూ కూకుంటాదేటి?"

నేను చెత్తలో పడేసిన రబ్బరు ముక్క
సాయంత్రానికి డబ్బాలోకి తిరిగొచ్చేసింది,
చెడిన అంచు కోయించుకుని.
నాకు ఒళ్లు మండింది.
"పనికిరానిదేదో నాకు సెప్పకు బాబూ.
నాకు ముందు ఇద్దరు పోనారని
నన్ను ఎవులికో ఇచ్చీసి
చేటెడు తవుడు పోసి మల్లా కొనుక్కుంది మాయమ్మ.
తవుడు కరీదోణ్ణి నాను."
నవ్వలేదు. నట్టు బిగిస్తూనే ఉన్నాడు.

ఆసుపత్రి మూడో అంతస్తు, డయాలసిస్ గది.
బయట సన్‌షేడు మీద, నడుములకి తాళ్లతో మేము.
లోపల వరస మంచాలు.
ఉద్దానం నుంచి తెల్లారగట్ల బస్సుకి వచ్చినవాళ్లే ఎక్కువ.
గొట్టాల్లోకి నెత్తురు వదిలి
నాలుగేసి గంటలు కిటికీనే చూస్తారు,
అంటే మా పనినే.

వైపరు ఒక గీత వదిలేస్తోంది.
రబ్బరు మార్చినా అదే గీత, అక్కడే.
కిటికీ పక్క మంచం మీదాయన
సూదులు లేని చేత్తో సైగ చేశాడు:
రబ్బరు కాదు, పట్టీ వదులు.
రెండు వేళ్లు నులిమి, సందులో ఏదైనా దూర్చమన్నాడు.
మావ వాల్వు ట్యూబు గోరంత కోసి దూర్చాడు.
గీత పోయింది.
ఒక్క నిమిషం
ఆయనకీ మాకూ మధ్య అద్దమే లేదు.

మధ్యాహ్నం కింద బడ్డీ దగ్గర కలిశాడు.
టీ వద్దన్నాడు, నీళ్లు కూడా కొలిచి తాగాలట.
పేరు ఢిల్లేశు, కవిటి దగ్గర ఊరు,
కొబ్బరితోటల్లో పంపుసెట్లు బాగుచేసేవాడు.
"సెవి ఒగ్గితే సెప్పీసేవోణ్ణి,
బుష్షు పోయిందో వాషరు పోయిందో."
తన సంగతి ఆ మాటల్లోకి రాలేదు.
మేమూ అడగలేదు.
లేస్తూ చొక్కా జేబులోంచి ఇత్తడి వాషరు తీసి
డబ్బాలో వేశాడు, టంగుమంది.
"ఉంచండి. ఎప్పుడో, దేనికో."

అది దేనికీ పట్టదు.
కర్రకి చిన్నది, పట్టీకి పెద్దది.

పై నెల ఆ కిటికీ దగ్గరికి వెళ్లేసరికి
మంచం మీద ఎవరో అమ్మాయి నిద్రపోతోంది.
ఆయనది వేరే రోజేమో, అన్నాను.
"ఊఁ" అన్నాడు మావ.
డబ్బా తెరిచి
కావలసినదానికంటే ఎక్కువసేపు వెతికాడు.

నిన్న డబ్బా కడిగే పని నాకు పడింది.
తుప్పు నట్లు రెండు, అడక్కుండానే తీసి పారేశాను.
వాషరు చేతికొచ్చింది.
పొందూరు గుడ్డతో తుడిచి
ఊరికే వేలికి ఎక్కించాను.
తీయడానికి
సబ్బునీళ్లు కావలసొచ్చాయి.